గోడ మీది సంతకం

ఫిబ్రవరి 3

నాకేం కుళ్లు లేదు. ముందు ఈ ముక్క రాసి పెట్టుకుంటే తర్వాత ఏం రాసుకున్నా ఫరవాలేదు.

చెల్లి ఈరోజు వేలంలో నాటకాల రాజావారి సంతకం కొన్నది. మా వేలంశాలలో కాదు, వంతెన అవతల కొత్తగా తెరిచిన దాంట్లో. నేను ఆఫీసులో ఉండగా ఫోను.

"అక్కా, ఊరికే చెయ్యెత్తి చూశా. ఇంకెవరూ పాడలేదు. నాదైపోయింది!"

ఊరికే చెయ్యెత్తిందట. పాత సంతకాలను భూతద్దం కింద పెట్టి ఇది అసలు, ఇది నకిలీ అని తేల్చడమే నా బతుకు. వేలంశాల ఉద్యోగినిని గనక పాట పాడే హక్కు నాకు లేదు. ఎన్ని మంచివి నా కళ్ళముందే ఎవరెవరి సంచుల్లోకో వెళ్లిపోయాయో. ఆవిడగారు బజారుకు వచ్చి, ఎండగా ఉందని లోపలికి దూరి, చెయ్యెత్తిందట, వచ్చేసిందట. చిన్నప్పటి నుంచీ అంతే. దానికి జుట్టూ అలాగే వచ్చింది, ఉద్యోగమూ అలాగే వచ్చింది, మొగుడూ అలాగే దొరికాడు.

రాజావారి సంతకం ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది నా పడకగది గోడమీద ఉంది. ఇది నా గొప్ప కాదు, అందరూ ఒప్పుకున్న సంగతే. నా మాట మీదే ఒప్పుకున్నారనుకోండి, అది వేరే విషయం.

అనుకోండి అంటున్నాను, ఎవరితో? డైరీలో కూడా నలుగురిలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాను.

ఫిబ్రవరి 4

పొద్దున కాఫీ తాగుతూ ఈయన అన్నారు: "రెండోది బయటపడితే సంతోషించాలి గానీ, అలా ఉన్నావేం?"

"ఎలా ఉన్నాను?"

"చక్కెర వెయ్యడం మరిచిపోయావు."

ఈయనకేం తెలుసు. రాజావారంటే ముప్పయ్యేళ్ళు రంగస్థలం మీద రాజు వేషాలు వేసిన మనిషి. కారులో వచ్చి కారులో వెళ్లేవాడు. మా ఊళ్ళో ఆఖరి ఆట నాడు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. పదిహేనేళ్ళ పిల్లని, మంచం మీద పడి ఒకటే ఏడుపు. చెల్లి నా దగ్గరున్న ఆయన ఫోటో కార్డు పట్టుకుని థియేటరుకు పరుగెత్తింది. చీకటి పడేవేళకు తిరిగొచ్చి నా గుండెల మీద పెట్టింది. కార్డు కింది తెల్లటి అంచు మీద "జ్వరం త్వరగా తగ్గాలి" అని, పక్కనే ఆయన పేరు.

నా జ్వరం సంగతి చెల్లి చెప్పిందట. విని, కారెక్కబోతూ ఆగి రాశాడట. మర్నాటికి నాకు జ్వరం దిగింది. ఎవరికీ సంతకం పెట్టని మనిషి నాకు పెట్టాడు.

"మా చెల్లి జన్మలో చేసిన మంచి పని అదొక్కటే" అని చుట్టాలందరి దగ్గరా చెబుతుంటాను. అందరూ నవ్వుతారు. అదీ నవ్వుతుంది.

ఫిబ్రవరి 6

వచ్చింది. మరిది కారు దిగి తలుపు తీస్తే, మహారాణిలా దిగింది. మరిది "వదినగారూ, జడ్జిమెంటు మీదే" అని వెకిలి నవ్వు ఒకటి.

తెచ్చినదాన్ని పెద్ద కవరులో పెట్టి పైన నా పేరు, మా ఇంటి నెంబరు రాసుకొచ్చింది. చేతికి ఇచ్చేదానికి చిరునామా ఎందుకో. అదీ దాని పాత పద్ధతిలోనే. ముందు పెన్సిలుతో రాస్తుంది, దానిమీద పెన్నుతో దిద్దుతుంది, ఆరాక రబ్బరుతో తుడుస్తుంది. బడిలో పంతులమ్మ కొట్టింది, పెళ్ళయ్యాక మరిది వెక్కిరించాడు, అయినా మానలేదు. సంతకానిక్కూడా ఇలాగే చేస్తే బ్యాంకువాళ్ళు లోపలేస్తారే అన్నాను. మామూలుగా నవ్వేది. ఈరోజు నవ్వలేదు.

కవరు విప్పాను. చెప్పక తప్పదు, చాలా అందంగా ఉంది. పెద్ద ఫోటో. కిరీటం పెట్టుకుని ఆయన. అడ్డంగా, ధీమాగా సంతకం. దానితోపాటు ఇంకో చిన్న ఫోటో కూడా అదే లాటులో వచ్చింది. పత్రికవాళ్ళు తీసినది. అందులో రాజావారు బల్లమీద వంగి ఇదే ఫోటోమీద సంతకం పెడుతున్నాడు. సగం రాశాడు, సగం రాయాలి.

రెండింటినీ మళ్ళీ కవరులోకి తోశాను.

"నీకు చూపించకుండా దేన్నీ నమ్మనుగా అక్కా" అంది. "అసలుది కాకపోతే నెలలోపు తిరిగిచ్చెయ్యొచ్చన్నారు. నువ్వు ఔనంటే థియేటరువాళ్ళు అడుగుతున్నారు, అద్దాల పెట్టెలో పెడతారట."

అద్దాల పెట్టె. థియేటరును బాగుచేసి వచ్చే నెల మళ్ళీ తెరుస్తున్నారు. ముందు హాల్లో ఒక్క అద్దాల పెట్టె పెట్టి అందులో రాజావారి సంతకం ఉంచుతామని పోయిన ఏడాదే నన్ను అడిగారు. నాదాన్ని. కింద ఇత్తడి రేకు మీద నా పేరు. ఆ రేకుకు అక్షరాలు ఎలా ఉండాలో కూడా చెప్పి వచ్చాను.

వెళ్తూ వెళ్తూ పడకగదిలోకి తొంగి చూసి నా ఫ్రేము వంక కాసేపు నిలబడింది. "దాన్ని ఫ్రేములోంచి తియ్యకేం అక్కా, పాతది, పాడవుతుంది" అంది. దాని సలహా నాకు!

ఫిబ్రవరి 7

చూడలేదు. తలనొప్పి.

ఫిబ్రవరి 9

చూశాను. కలవలేదు!

ఆఫీసులో నా బల్లమీద గాజుపలక కింద నా గోడమీది సంతకం కాపీ ఎప్పుడూ ఉంటుంది. ఫ్రేములో ఉన్నదాన్ని పైనుంచి ఫోటో తీసి పెట్టుకున్నది. రాజావారి పేరుతో ఏది వచ్చినా దాని పక్కన పెట్టి చూస్తాను. నాదాంట్లో అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి, నాటకాల పోస్టరు మీద ఆయన పేరు ఉన్నట్టే. పోస్టరు రాసేవాడు ఆయన సంతకం చూసే ఆ అక్షరాలు నేర్చుకున్నాడని నేను ఒక వ్యాసం కూడా రాశాను. మెచ్చుకున్నారు. చెల్లి తెచ్చినదాంట్లో అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.

పోయిన ఏళ్ళల్లో వచ్చినవన్నీ ఇలాగే ఉండేవి. అన్నీ తోసుకునేవే. అన్నీ తిప్పి పంపాను. గడియారాల షాపాయన ఒకటి తెచ్చాడు. వాళ్ళ నాన్న ఆ థియేటరులో తెర లాగేవాడట, రాజావారు స్వయంగా పెట్టిచ్చాడట. నకిలీ అన్నాను.

"మా నాన్న అబద్ధం చెప్పాడంటారాండీ?" అన్నాడు.

"నేనేం అనడం లేదు. సంతకమే అంటోంది" అన్నాను. ఆ జవాబు అప్పట్లో నాకు బాగా నచ్చింది.

మేనేజరు సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు. "రాజావారివి ఒక్కటీ మీ చేతిలో పాసవ్వదు కదండీ" అన్నాడు. పొగడ్తే అయ్యుంటుంది.

ఇంటికొస్తూ పూలు కొనుక్కున్నాను. ఎందుకో తెలియదు. అంటే, తెలుసు.

ఫిబ్రవరి 10

చెల్లికి ఫోను చేశాను. గొంతులో జాలి పెట్టుకుని, "ఏమనుకోకు, నాకు అనుమానంగా ఉంది" అన్నాను.

"నువ్వంటే అంతేగా అక్కా" అంది.

గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. ఆ చిన్న ఫోటో సంగతేమిటని అడుగుతుందనుకున్నాను, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. గెలిచినట్టే లేదు.

ఫిబ్రవరి 11

నాకేం కుళ్లు లేదు.

ఫిబ్రవరి 13

రిపోర్టు రాయాలి. నోటిమాట వేరు, నా పేరు పెట్టి రాయడం వేరు. రాసేటప్పుడు ఆ పత్రికవాళ్ళ ఫోటో గురించి ఒక్క ముక్కయినా రాయాలి కదా. కావాలని దానిమీద భూతద్దం పెట్టకుండా ఇన్నాళ్ళు గడిపానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఈరోజు పెట్టి చూశాను.

సగం సంతకం స్పష్టంగా ఉంది. మొదటి అక్షరం చివర తోక, రెండోదాన్ని తోసుకుంటూ పోయే తీరు, కలం ఒకచోట ఆగి వదిలిన సిరా చుక్క. చెల్లి ఫోటోమీదా అదే చుక్క, అదే చోట. ఆయన చేతికింద, ఆయన కలం కింద.

ముందు అనుకున్నాను, ఇది ఎవరో తర్వాత కల్పించిన ఫోటో అని. కాదు. కాగితం పాతది, వెనక పత్రికవాళ్ళ ముద్ర పాతది. తర్వాత అనుకున్నాను, ఆయనకు రెండు రకాల సంతకాలు ఉండేవేమోనని. నాకు పెట్టింది ప్రత్యేకమైనదేమోనని. జ్వరం వచ్చిన పిల్లకి తీరిగ్గా, గుండ్రంగా రాసి ఉంటాడు. ఇది నాకు చాలా నచ్చింది. మధ్యాహ్నమంతా దీనితోనే గడిపాను.

నిజం రాసుకుంటే, రెండూ అసలువైతే నాకు ఇంకా కష్టం. దానిది నకిలీ అయితే అది ఓడిపోయినట్టు. రెండూ అసలువైతే దానిది పెద్దది, దానికి సాక్ష్యం ఉంది, కిరీటం ఉంది. అద్దాల పెట్టెలోకి అదే వెళ్తుంది. నాది ఏడుపుగొట్టు చిన్న కార్డు. దాని పక్కన ఎవరు చూస్తారు? అది ఊరికే చెయ్యెత్తి నా ఒక్కగానొక్కదాన్ని రెండోది చేసేసింది. నా కడుపు మండిపోతోంది. ఇదిగో, రాసేశాను.

ఫిబ్రవరి 14

ఈయన పేపరు చదువుతూ, తలెత్తకుండానే: "ఒకటడుగుతాను, కోప్పడవుగా? మన గోడమీదిదాన్ని నువ్వెప్పుడైనా భూతద్దం కింద పెట్టి చూశావా?"

"దాన్నెందుకు చూడటం? దానితోనే కదా మిగతావన్నీ చూసేది!"

"అదే అడుగుతున్నా."

"మా చెల్లి కళ్ళతో చూసి తెచ్చిందండీ. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"సరే. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని మళ్ళీ పేపర్లో తల దూర్చారు.

కాపీ చూసి తీర్పు చెప్పొద్దని నేను ఎంతమందికి చెప్పానో. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు చెప్పే మొదటి మాటే అది. నేను ఇన్నేళ్ళూ కాపీతోనే పని చేశాను, ఫ్రేము విప్పితే పాడవుతుందని. చెల్లి కూడా అదే అంది.

చెల్లి ఎందుకంది?

మధ్యాహ్నం ఈయన నిద్రపోతుంటే ఫ్రేము దించాను. వెనక మేకులు తుప్పుపట్టి ఉన్నాయి. కత్తితో లేపి కార్డు బయటికి తీసి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి భూతద్దం ఆనించాను.

సిరా గీత పక్కన సన్నటి బూడిదరంగు గీత. అక్కడక్కడా సిరా దారి తప్పినచోట అది ఒంటరిగా కనిపిస్తోంది. కాగితం మీద గీత దిగిన లోతు ఉంది. దాని చుట్టూ రబ్బరు రుద్దినచోట పీచు లేచి ఉంది. "జ్వరం" దగ్గర బాగా రుద్దారు, ఒకసారి తప్పు రాసి మళ్ళీ రాసినట్టున్నారు.

పెన్సిలు.

ముందు పెన్సిలుతో రాసి, దానిమీద సిరాతో దిద్ది, ఆరాక రబ్బరుతో తుడిచారు.

సిరా కింద పెన్సిలు కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు, నకిలీయే. అది కూడా కొత్తవాళ్ళకు నేనే చెబుతాను. కారెక్కబోయే మనిషి ఎవడూ పెన్సిలుతో రాసుకుని దిద్దుకుని రబ్బరు అడగడు.

ఎవరు రాశారో తెలుసుకోవడానికి నాకు భూతద్దం అక్కర్లేకపోయింది. చెల్లి ఇచ్చిన కవరు ఇంకా బల్లమీదే ఉంది.

ఫిబ్రవరి 15

ఆఫీసుకు వెళ్లలేదు. ఈయన చక్కెర వేసిన కాఫీ తెచ్చి పక్కన పెట్టారు.

ఫిబ్రవరి 16

కార్డు సంచిలో పెట్టుకుని చెల్లి ఇంటికి వెళ్లాను. వంటగదిలో గిన్నెలు తుడుస్తోంది. కార్డును ఫ్రేము లేకుండా చూసేసరికి తుడిచే గుడ్డ కింద పెట్టేసింది.

"తీశావా" అంది.

"తీశాను."

"తియ్యొద్దన్నాగా."

కోపంతో వెళ్లాను. దారంతా మాటలు పదును పెట్టుకున్నాను. నా పరువు, నా ఉద్యోగం, నేను రాసిన వ్యాసం, తిప్పి పంపినవాళ్ళు, గడియారాల షాపాయన, అన్నీ వరసగా అడిగేశాను. అది స్టూలు లాగి కూచుని అన్నీ విన్నది.

"ఆయన అందరికీ పెట్టేవాడక్కా" అంది తర్వాత. "ఆ రోజు గేటు దగ్గర బోలెడుమందికి పెట్టాడు. నా వంతు వచ్చేసరికి కారు తలుపు వేసేశారు. అద్దం మీద కొట్టాను కూడా. వెళ్లిపోయింది."

"వచ్చి చెప్పొచ్చుగా!"

"నువ్వు కలవరిస్తున్నావు ఆయన పేరే. నాకు భయమేసింది, నువ్వు చచ్చిపోతావని. చిన్నదాన్ని కదా. బడి సంచి తీసుకుని థియేటరు గోడ పక్కన కూచున్నా. ఆయన సంతకం ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఎదురుగా పోస్టరుంటే దాన్ని చూసి గీశా."

పోస్టరు. నా వ్యాసం. నవ్వొచ్చింది, నవ్వకుండా పళ్ళు బిగించాను.

"మరి జ్వరం ముక్క?"

"అది నేనే రాశా. అది నా మాటే." గిన్నె ఒకటి తీసి తుడిచిందే మళ్ళీ తుడిచింది. "అందరికీ రాసేదే రాస్తే నమ్మవేమోనని."

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"చెబుదామనే అనుకునేదాన్ని. నువ్వు ఎవరైనా వచ్చినప్పుడల్లా ఫ్రేము చూపించి, మా చెల్లి తెచ్చింది, మా చెల్లి జన్మలో చేసిన మంచి పని అదొక్కటే అనేదానివి. నా గురించి నువ్వు నలుగురిలో మంచిగా చెప్పింది కూడా అదొక్కటేనక్కా. అదీ పోతుందని."

తుడిచిన గిన్నెలు తీసి అరలో సర్దాను.

"మరి ఇప్పుడెందుకు కొన్నావ్, ఊరికే చెయ్యెత్తా అని అబద్ధాలాడి?"

తలొంచుకుంది. నవ్వింది కూడా.

"ఊరికే కాదు. వారం ముందే వెళ్లి చూసొచ్చా. నాక్కూడా ఆయనంటే పిచ్చేగా. నీ గోడమీద దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అక్కకి ఉంది, నాకు లేదు అని. నేను రాసిందే అని తెలిసి కూడా. నేను రాసినదాన్ని చూసి నేనే కుళ్లి చచ్చేదాన్నంటే నమ్ము."

నమ్మాను. ఎవరు నమ్మకపోయినా నేను నమ్ముతాను.

ఇంటికొచ్చి ఈయనకు చెబితే, "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నువ్వెంత" అన్నారు. ఆ మాట ఎప్పటినుంచో దాచి పెట్టుకున్నట్టున్నారు.

ఫిబ్రవరి 18

చెల్లి ఫోటోకు రిపోర్టు రాసి సంతకం చేశాను. అసలుది. పోల్చడానికి పత్రికవాళ్ళ ఫోటో వాడానని రాశాను. నేను ఇన్నేళ్ళు వాడిన నమూనా పనికిరానిదని, దానితో తిప్పి పంపినవన్నీ మళ్ళీ చూడాలని మేనేజరుకు చెప్పాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నెలాఖరుకు తెలుస్తుంది. థియేటరువాళ్ళకు ఫోను చేసి ఇత్తడి రేకు మీద పేరు మార్చమన్నాను. ఆ ఒక్క ఫోను చెయ్యడానికి మాత్రం పూటంతా పట్టింది.

ఫిబ్రవరి 19

గడియారాల షాపుకు వెళ్లాను. షాపు నిండా గడియారాలు, ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవడం లేదు. ఆయన నన్ను గుర్తుపట్టాడు. విషయం చెప్పాను. తప్పు నాదని చెప్పాను. లోపలికి వెళ్లి పాత డబ్బా తెచ్చాడు. ఫోటో దుప్పటి ముక్కలో చుట్టి ఉంది. అక్షరాలు తోసుకుంటూ పోతున్నాయి. చెల్లిదాంట్లో ఉన్నట్టే తోక.

"అసలుదండీ" అన్నాను.

"ఆ రోజు ఇంటికెళ్లి నాన్ననే అడిగాను, ఎందుకు అబద్ధం చెప్పావని" అన్నాడు. "మళ్ళీ దీన్ని బయటికి తియ్యలేదు ఆయన. ఇప్పుడు లేరు."

క్షమించమని అడిగాను. "మీరు రాసివ్వండి, ఫోటో పక్కన పెడతాను" అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు. రాసిచ్చి వచ్చాను.

ఫిబ్రవరి 22

చెల్లి తన ఫోటో తీసుకెళ్లడానికి వచ్చింది. మరిది రాలేదు, ఒక్కతే బస్సులో వచ్చింది. నా కార్డు ఇంకా ఫ్రేము లేకుండా బల్లమీద ఉంది. దానివంక చూస్తూ, "మార్చుకుందామా?" అంది.

"ఏంటి?"

"నువ్వు నాది తీసుకో. అసలుది నీ దగ్గరుండాలి. అద్దాల పెట్టెలో కూడా నీ పేరే పెట్టించు. ఈ దొంగది నాకిచ్చెయ్, చింపేస్తా. దీనివల్లే కదా ఇంత రభస."

మూడు వారాల కిందట ఈ మాట అని ఉంటే ఎగిరి గంతేసేదాన్ని. కార్డు మీద చెయ్యి వేసి నా వైపు లాక్కున్నాను. అలా లాక్కుంటానని నాకే తెలియదు.

"ఇవ్వను."

"అక్కా, అది నకిలీది."

"నాది. నా జ్వరానికి రాసినది. నీకున్నదాంట్లో జ్వరం ఉందా?"

అది కళ్ళు తుడుచుకుని, చిన్నప్పటిలాగే ముక్కు కూడా తుడుచుకుంది.

కార్డు తిరగేసి దాని ముందు పెట్టాను. వెనక ఖాళీగా ఉంది. నా కలం తీసి మూత విప్పి చేతికిచ్చాను. "రాసినవాళ్ళ సంతకం లేకుండా నా గోడమీద ఏదీ ఉండదు. పెట్టు."

కలం పట్టుకుంది. కార్డు మీద చెయ్యి ఆనించింది. వంగింది, ఆగింది, మళ్ళీ తలెత్తింది.

"పెన్సిలుందా అక్కా?"